ఫిక్స్ అన్న మాట

నవనీత పని నంబర్లు వేయడం.

మదనపల్లెలో బెంగళూరు బస్టాండు వెనక, విత్తనాల అంగడి పైన ఒక ఆఫీసు ఉంది. పాలకేంద్రాలకు కావలసిన ప్రోగ్రాం అక్కడ రాస్తారు. పల్లెల్లో పాలు పరీక్షించే మిషన్ పక్కన ఒక ట్యాబు ఉంటుంది. పాల తూకం, వెన్న, చిక్కదనం అందులో పడతాయి. డెయిరీ కోసం పాలు తీసుకోవాలో వెనక్కి పంపాలో ఆ ట్యాబే చెబుతుంది. ప్రోగ్రాంలో ఏదైనా మారితే దానికి కొత్త నంబరు పడాలి. ఏం మారిందో కేంద్రం నడిపే ఆడవాళ్ళకు తెలిసేలా నాలుగు ముక్కలు రాయాలి.

ఆ నంబర్లు చాలా ఏళ్ళు నవనీతే వేసింది. ఆ ముక్కలు ఆమే రాసింది.

"అక్కా, ఈసారి నుంచి క్యాను బరువు మిషనే తీసేస్తాది. మీరు మళ్ళా తీసెయ్యొద్దండి."

ఇలా రాసేది. ఆఫీసులో నవ్వేవాళ్ళు. పల్లెల నుంచి మాత్రం ఫోన్లు వచ్చేవి. నీ జాబు అందిందమ్మా, అనేవాళ్ళు.

నంబరులో మూడు అంకెలు. చిన్న మరమ్మతు అయితే మూడో అంకె పెరుగుతుంది. అది ఎవరినీ అడగదు. రాత్రికి రాత్రి ట్యాబులోకి వెళ్ళిపోతుంది. కొత్త సౌకర్యం వస్తే రెండో అంకె పెరుగుతుంది. ట్యాబు ఆ సంగతి చూపించి, సరే అని నొక్కేదాకా ఆగుతుంది. పాలు పట్టే పద్ధతే మారితే మొదటి అంకె. అప్పుడు తెర మీద రెండు గుర్తులు వస్తాయి: సరే, వద్దు. వద్దు అంటే ఆ కేంద్రం చివరిసారి ఒప్పుకున్న పాత పద్ధతికి తిరిగి వెళుతుంది. కేంద్రాలతో చేసుకున్న ఒప్పందంలో ఈ మాట ఉంది.

పోయిన ఏడాది ఆఫీసు యజమాని సాయిప్రసాద్ ఆమెను పిలిచాడు.

"ఈ నంబర్ల పని మిషన్‌కి ఇచ్చేద్దాం తల్లీ. నిన్ను తీసేస్తాండానని అనుకోవద్దు. అమర్చేది నువ్వే."

ఆమె అమర్చింది. ప్రోగ్రాం రాసేవాళ్ళు మార్పు చేసిన ప్రతిసారీ దాని పక్కన ఒక వాక్యం రాస్తారు. దాన్ని కమిట్ మెసేజ్ అంటారు. ఆ వాక్యంలో ఫిక్స్ అని ఉంటే మూడో అంకె. ఫీచర్ అని ఉంటే రెండోది. బ్రేకింగ్ అని ఉంటే మొదటిది. మిషన్ ఆ వాక్యాలనే వరసగా పేర్చి, ఏం మారిందో చెప్పే ముక్కలుగా ట్యాబుకు పంపుతుంది. ఆమె నాలుగు నియమాలు రాసింది. అవి బాగా పనిచేశాయి. ఇక ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆమె పిన్నమ్మ మునియమ్మ ఫోన్ చేసింది. బైరెడ్డిపల్లె దాటి కుప్పం వైపు పోతే వచ్చే ఒక పల్లెలో ఆమె పాలకేంద్రం నడుపుతుంది. నవనీత కుప్పంలో చదువుకున్నన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే తిన్నది.

"నవనీతా, మిషన్‌కి ఏమొచ్చిందే? అందరి పాలూ వద్దంటాండాది."

"అందరివీనా?"

"బీరప్ప తాతవి కూడా. ఆయన నీళ్ళు కలిపినాడంటే ఎవురన్నా నమ్ముతారా? ఆ ఇంట్లో తాగేదానికే నీళ్ళు లేవు."

వెనక నుంచి ఎవరో మగమనిషి అరుస్తున్నాడు. "మునియమ్మా, మిషన్‌కి ఏం తినిపించినావో సెప్పు. మేమూ అదే మా ఆవులకి పెడతాం."

"వింటివా? నేను డెయిరీవాళ్ళ దగ్గర లంచం తిన్నానంట. ఇంతమంది ముందర అంటాండారే."

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

నవనీత రాత్రి వెళ్ళిన నంబరు తీసి చూసింది. 4.6.3. మూడో అంకె. దాని కింద ఒకే వాక్యం. ఫిక్స్, చిక్కదనం లిమిట్ 8.3. రాసింది చేతన్. ఆమె పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు.

"చేతన్, ఈ 8.3 ఏంది?"

"చిక్కదనం అక్కా. ఇన్నాళ్ళూ 8 ఉండె. డెయిరీవాళ్ళతో మీటింగులో 8.3 ఫిక్స్ చేసినారు కదా. అదే రాసినాను."

"ఫిక్స్ అంటే రిపేరు."

"అదెట్లా అక్కా? పెండ్లి ఫిక్స్ అయిందంటాం. పెండ్లిని రిపేరు చేసినామనా?"

వెనక ఎవరో నవ్వారు. చేతన్ కూడా నవ్వాడు. ఆమె ముఖం చూసి ఆపేశాడు.

అతను అన్నది నిజం. ఇక్కడ ఎవరి నోట విన్నా ఫిక్స్ అంటే ఖాయం చేయడమే. రేటు ఫిక్స్. ముహూర్తం ఫిక్స్. ఆమె అమర్చిన మిషన్‌కు మాత్రం ఒకటే అర్థం తెలుసు. అది నేర్పింది ఆమే. పాల హద్దు మారింది. మిషన్ దాన్ని మరమ్మతు అనుకుంది. అన్ని పల్లెల్లోకీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఆమె సాయిప్రసాద్ గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇది మొదటి అంకె మారాల్సిన మార్పు. వెనక్కి తీసుకుని, కేంద్రాలని అడగాల."

ఆయన అంతా విన్నాడు. కోప్పడలేదు.

"అడిగితే ఎవురు ఒప్పుకుంటారమ్మా? ఎండాకాలం. యాడ సూసినా ఎండుగడ్డి. 8.3 ఏ ఆవు ఇస్తాది?"

"అందుకే అడగాల సార్."

"పొరపాటున లోపలికి పోయింది. పోనీ. డెయిరీవాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి సంతోషపడినారు."

"మా పిన్నమ్మ కేంద్రంలో ఒక్కరి పాలు కూడా పట్టలేదు."

"నాలుగు రోజులు అరుస్తారు. మళ్ళా దాణా మారుస్తారు. నువ్వు మిషన్‌ని బాగా అమర్చినావు. దాని పని దాన్ని చేసుకోనీ."

ప్రోగ్రాంను ముట్టుకునే హక్కు నవనీతకు లేదు. చేతన్‌కు ఉంది. ఆమె అతని బల్ల దగ్గర నిలబడింది. అతను తెర మీద నుంచి తల ఎత్తలేదు.

"నన్నడగొద్దక్కా. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే."

సాయంత్రం పాలు పట్టే వేళకు ఇంకా సమయం ఉంది. మునియమ్మ ఫోన్ ఇంకా పలకడం లేదు. నవనీత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. పుంగనూరు బస్సు ఎక్కింది.

దారిలో తన దగ్గరున్న కేంద్రాల ఫోన్ నంబర్లన్నిటికీ చేసింది. చాలామంది ఎత్తలేదు. ఎత్తిన ఒకామె, "పొలంలో ఉండానమ్మా, సాయంత్రం సూస్తాను," అంది. ఇంకొకామె, ఇది కొత్త ట్యాబు అమ్మేవాళ్ళ ఫోనేమో అనుకుని తిట్టింది. కిటికీ పక్కన టమోటా తోటలు ఎండిపోయి, కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి.

పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమెకు తట్టింది. నంబర్లు వేసే మిషన్ ప్రోగ్రాంను చూడదు. మాటను మాత్రమే చూస్తుంది. ఏమీ మార్చకుండా ఒట్టి వాక్యాన్ని కూడా కమిట్ చేయవచ్చు. దాన్ని ఖాళీ కమిట్ అంటారు. వాక్యాలు పెట్టే హక్కు ఆమెకు ఇంకా ఉంది.

ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది. పక్కన గంపతో కూర్చున్న ఆమె తొంగి చూసింది.

"కుప్పం బస్సు యాడుండాదో దాంట్లో కనపడతాదా?"

"కనపడదమ్మా."

"ఇంకెందుకది?"

నవనీత బ్రేకింగ్ అన్న మాట రాసింది. దాని కింద, ఏడాది తరువాత మొదటిసారి, తన మాటల్లో రాసింది.

"అక్కా, ఇది మరమ్మతు కాదు. పాల చిక్కదనం హద్దు 8 నుంచి 8.3కి పెంచినారు. మిమ్మల్ని అడగకుండా పెంచినారు. ఇప్పుడు అడగతాండాం. మీకు ఇష్టం లేకపోతే వద్దు అని నొక్కండి. పాత హద్దే ఉంటాది. నవనీత."

పంపింది. మిషన్ చదివింది. 4.6.3 పోయి 5.0.0 అయింది. ఇప్పుడు ప్రతి ట్యాబూ తెరవగానే అడుగుతుంది. అడగకుండా ఒక్క చుక్క పట్టదు.

ఆమె బస్సెక్కింది. పలమనేరు దాటాక సిగ్నల్ పోయింది. ఎవరు వద్దన్నారో చూడటానికి వీలు కాలేదు. పిన్నమ్మ చదివి ఉంటుంది అనుకుంది. పక్కవాళ్ళకు కూడా చదివి వినిపించి ఉంటుంది అనుకుంది. బైరెడ్డిపల్లెలో బస్సు చాలాసేపు ఆగింది. డ్రైవరు దిగి టీ తాగాడు. ఆమె దిగలేదు.

కేంద్రం దగ్గరికి వచ్చేటప్పటికి వరస కట్టి ఉంది. క్యాన్లు, బిందెలు, సైకిళ్ళు. అందరికంటే ముందు బీరప్ప. గొర్రెలు అమ్ముకుని రెండు ఆవులు కొన్న ముసలాయన.

మునియమ్మ మిషన్ ముందు కూర్చుని ఉంది. నవనీతను చూసి లేచింది. "నువ్వొచ్చినావా? సూడవే తల్లీ, ఇప్పుడు కూడా వద్దనే అంటాండాది."

"పిన్నమ్మా, ట్యాబు తెరిచినప్పుడు ఏమన్నా అడిగిందా?"

"అడిగింది."

"ఏం నొక్కినావు?"

"సరే నొక్కినాను."

నవనీత ఆమెనే చూసింది.

"యాల అట్ల సూస్తావు? సరే అనకుంటే పాలు పట్టదు కదా."

"కింద రాసి ఉండాది పిన్నమ్మా. సదవలేదా?"

"ఏం సదవాల? ఏడాది నుంచి దాంట్లో ఏముంటాండాది? నల్ అంట, చెక్ అంట. నాకేమన్నా అర్థమవుతాదా? మొదట్లో అందరికీ ఫోన్ చేసి అడిగేదాన్ని. ఎవురికీ తెలీదు. అందరం సరే నొక్కేస్తాండాం."

నవనీత ట్యాబు తీసుకుంది. సరే అన్న గుర్తు పెద్దగా పైన ఉంటుంది. రాసిన ముక్కలు దాని కింద, వేలితో జరిపితే గానీ కనబడవు. ఇప్పుడు ఆ రెండు గుర్తులూ లేవు. 5.0.0 అని మాత్రం ఉంది. దాని పక్కన, ఒప్పుకున్నవారు మునియమ్మ.

ఇంకోసారి అడిగించవచ్చు. అడిగించినా వద్దు అన్న గుర్తు చివరిసారి ఒప్పుకున్న పద్ధతికే తీసుకుపోతుంది. చివరిసారి ఒప్పుకున్నది ఇదే.

ఆమె ఫోన్ మోగింది. సాయిప్రసాద్.

"ఎంత పని చేసినావమ్మా! నాకు తట్టనే లేదు సూడు."

"సార్..."

"నువ్వు అడగాల అడగాల అంటాంటే యాల అనుకున్నాను. సగానికి పైగా కేంద్రాలు సరే అనేసినాయి. మిగిలినవి కూడా అంటాయి. ఒప్పందం తప్పినారని ఇంక నోరెత్తేవాడు లేడు."

"వద్దన్నవాళ్ళు ఎవురూ లేరా సార్?"

"ఉండారు. రామసముద్రం పక్క ఒకామె. ఆమెతో నేను మాట్లాడతాలే. నువ్వు రేపు తొందరగా రా."

ఆమె ఫోన్ దించింది.

"ఎవురమ్మా?" అన్నాడు బీరప్ప.

"మా సార్ తాతా."

"ఏమంటాండాడు?"

చెప్పకుండా ఉండవచ్చు. ఆమె చెప్పింది. హద్దు పెరిగిన సంగతి, అడగకుండా పంపిన సంగతి, తాను మళ్ళీ అడిగించిన సంగతి. దానికి ఈ కేంద్రం ఏమందో కూడా చెప్పింది. వరసలో వాళ్ళు దగ్గరికి జరిగారు. మిషన్ తప్పు కాదని, మునియమ్మ తప్పు కాదని చెప్పాలని ఆమె ఉద్దేశం.

"అంటే మునియమ్మ ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు వెనక ఒకడు.

"ఆమెకు తెలీదు."

"తెలీకుండానే ఏలు పెట్టిందా?"

"మన తరపున ఒప్పుకునేదానికి ఆమె ఎవురు?" ఇంకొకామె గొంతు. పొద్దున లేని గొంతు అది. పొద్దున అనుమానం ఉండింది. ఇప్పుడు నవనీతే రుజువు తెచ్చి ఇచ్చింది.

మునియమ్మ ఒకరి తరువాత ఒకరి ముఖం చూసింది.

బీరప్ప నవనీతనే చూస్తున్నాడు. "అదంతా నాకు తెలీదమ్మా. రేపు పొద్దున పాలు పడతారా, పట్టరా?"

"పట్టరు తాతా."

ఆయన తల ఊపాడు. క్యాను మూత బిగించి సైకిల్‌కు కట్టుకున్నాడు. తాడు రెండుసార్లు జారింది. ఎవరూ సాయం పట్టలేదు. ఆయన కదిలాక మిగతావాళ్ళు కదిలారు. ఒకామె తన బిందెను గుమ్మం ముందే బోర్లించి పోయింది. పాలు మట్టిలోకి దిగుతున్నాయి.

మునియమ్మ మిషన్ వైరు తీసింది.

"నువ్వు రాసిందని తెలిసుంటే సదివేదాన్నే," అంది.

నవనీత ట్యాబును బల్ల మీద పెట్టింది. పిన్నమ్మ లోపల దీపం వేయలేదు. నవనీత కూడా వేయలేదు.