మెత్తగా తన్నే తుపాకి

మొన్న సిద్దిపేటలో చెప్పుల దుకాణం ముందు బస్సు కోసం నిలబడితే కొత్త రబ్బరు వాసన గుప్పుమన్నది. దుకాణమతను మూటలోంచి హవాయి చెప్పులు తీసి తీగకు గుచ్చుతున్నాడు. నాకు మాత్రం రాజవీరు పెద్దబాపు గుర్తుకొచ్చాడు. ఆయన రైఫిల్ మడమకు, భుజానికి ఆనించే చోట, నల్లటి రబ్బరు దిండు ఉండేది. కొత్తలో అది అచ్చం ఇట్లాగే వాసన వేసేది. ఆయన గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. కానీ ఆయన బతికున్నన్నాళ్లూ నేను వేలిముద్ర మనిషినే. ఆయన పోయిన కొన్నేళ్లకు, యాభై దాటిన వయసులో, మా మహిళా సంఘం వాళ్లు సాయంత్రం పూట పెట్టిన చదువుకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. మొదటి రోజు టీచరమ్మ నాకు చిన్నపిల్లల పుస్తకం ఇచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలు, బొమ్మలు. పక్కన కూర్చున్నవాళ్లు సిగ్గుపడి పుస్తకాన్ని కొంగు కింద దాచుకున్నారు. నేను దాచుకోలేదు. ఎందుకు దాచుకోలేదో చెప్పాలంటే పెద్దబాపు సంగతి చెప్పాలి.

మాది కోహెడ దగ్గర ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్ట కింద మక్క చేన్లు. కంకి పాలు పట్టే రోజుల్లో అడవి పందుల గుంపు ఒక్కసారి దిగిందంటే తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. అప్పుడు ఊరివాళ్లు అర్జీ పెట్టుకుంటే, అడవి శాఖ వాళ్లు అనుమతి ఇస్తే, లైసెన్సు ఉన్న షికారి వచ్చి కాల్చాలి. చచ్చిన పందిని వాళ్ల ముందే గుంత తీసి పూడ్చాలి, కూరకు వాడకూడదు. మా ఊరికి ఆ షికారి రాజవీరు పెద్దబాపు. తండ్రి నుంచి వచ్చిన పెద్ద రైఫిల్ ఉండేది, థర్టీ నాట్ సిక్స్ అనేవాళ్లు. నేను ఆయన చేనులో కూలికి పోయేదాన్ని. చుట్టరికం లేదు, వరుస పెట్టి పిలుచుకోవడమే. ఏ చేనులో ఎవరున్నారో నాకు తెలుసు కాబట్టి షికారు రోజు నన్ను వెంట తీసుకుపోయేవాడు. తూటా నింపే ముందు గట్ల మీద తిరుగుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలిచిన మనిషి పలకాలి, చేను దిగి ఇంటిదారి పట్టాలి. ఒక్క మనిషి పలకకపోయినా ఆ రోజుకు కాల్పు లేదు. "పంది మల్ల రేపస్తది. మనిషి రాడు" అనేవాడు.

ఒక వానాకాలం హుస్నాబాద్ రోడ్డు మీద స్కూటర్ జారి ఆయన కుడి భుజం విరిగింది. సిద్దిపేట దవాఖానలో ఇనుప పట్టీ వేసి కుట్టారు. నయమయ్యాక మొదటిసారి తుపాకి ఎత్తింది ఆ ఏడు నేను కౌలుకు పట్టిన చిన్న చేను కోసమే. పొద్దు గుంకే వేళ ఆయన మంచె మీద కూర్చున్నాడు, నేను పక్కన. పంది గట్టు దాటి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. ఆయన గురి పెట్టాడు. నేను పందిని చూడలేదు, ఆయన మొహం చూశాను. తుపాకి పేలింది. పంది అరుస్తూ మక్కలోకి దూరింది. చావలేదు, దెబ్బ తిన్నది. దెబ్బ తిన్న పంది మనిషి మీదికి వస్తుంది. పెద్దబాపు చేనికి అడ్డంగా గట్టు మీద కూర్చుని, తెల్లారేదాకా ఎవరినీ లోపలికి దిగనివ్వలేదు. వెలుతురు వచ్చాక తానొక్కడే లోపలికి పోయి, దాని బాధ తీర్చి వచ్చాడు.

గుంత తీసేటప్పుడు పక్క చేను ఎల్లయ్య ఆయనను సముదాయించబోయాడు. "నీ తప్పేమున్నది పెద్దబాపు, పంది పక్కకు మర్లింది. లేకుంటే నీ గురి తప్పుతదా?"

పెద్దబాపు నా వైపు తిరిగాడు. "నువ్వు పక్కపొంటి ఉంటివి గద బిడ్డా, మర్లిందా?"

"మర్లలేదు" అన్నాను.

"మరి ఏమైంది?"

"నువ్వు కండ్లు మూసుకున్నవ్ పెద్దబాపు. పేలకముందే."

ఎల్లయ్య నా మీదికి లేచాడు. "ఏయ్ లచ్చవ్వా, కలుపు దీసేదానివి, తుపాకి సంగతి నీకేమెరుక?"

"తుపాకి సంగతి చెప్తలేదురా ఆమె. నా మొకం సంగతి చెప్తున్నది" అన్నాడు పెద్దబాపు. "నా మొకం నాకు కనవడదు గద. ఎవలో ఒకలు చెప్పాలె."

నేను భయపడుతూనే ఉన్నాను. ఆయన చేనులో కూలి చేసుకునేదాన్ని, పదిమందిలో అంత మాట అన్నాను. ఆయన మాత్రం తలపాగా విప్పి మొహం తుడుచుకుని, నన్ను ఇంటికి రమ్మన్నాడు. ఆయన భార్య, మా పెద్దవ్వ, చాయ్ పోసింది. ఖాళీ రైఫిల్ భుజానికి ఆనించి, ట్రిగ్గర్ నొక్కుతూ, తన కళ్లనే చూడమన్నాడు. తూటా లేకపోయినా ప్రతిసారీ రెప్పలు పడ్డాయి. "పేలంగనే తుపాకి ఎనకకు భుజాన్ని తంతది. ఆ దెబ్బ తగుల్తదని ఒళ్లుకు ముందే ఎరుకైతున్నది. నేను ధైర్యంగనే ఉన్న, ఒళ్లు ఇంటలేదు" అన్నాడు.

"పక్కకు వెట్టరాదు ఇగ. భుజంల ఇనుము వెట్టుకోని ఇంకెన్నేండ్లు?" అన్నది పెద్దవ్వ.

"నేను పక్కకు వెడ్తె పందులు గూడ పక్కకుంటయా? గట్లని ఒళ్లు ఇనకుంట కాలిస్తే, ఒకనాడు పంది ఉన్నకాడ మనిషుంటడు. తన్నని తుపాకి దొరుకుతదేమో చూస్త. దొరక్కపోతే నీ మాటే నా మాట."

ఆ మాటతో సంగతి తేలింది. కళ్లు తెరిచి కాల్చగల తుపాకి దొరికితే మా చేన్లకు కాపలా ఉంటుంది, లేకపోతే ఆయన షికారు అంతటితో ముగుస్తుంది.

హైదరాబాద్‌లోని తుపాకుల దుకాణానికి నన్నూ పెద్దవ్వనూ వెంటబెట్టుకుని పోయాడు. దుకాణం పెద్దమనిషి తనకు తెలిసిన కాల్పుల రేంజికి తీసుకుపోయి కాల్చి చూసుకోనిచ్చాడు. నన్ను పక్కన నిలబెట్టడం చూసి, "అమ్మెందుకు సార్, చప్పుడుకు జడుసుకుంటది" అన్నాడు.

"నువ్వు తుపాకులు చూపియ్యి. నన్ను ఆమె చూస్తది" అన్నాడు పెద్దబాపు.

ఆ పెద్దమనిషికి పని తెలుసు. మంచి తూటాల మధ్యలో మందు లేని ఉత్త తూటా కలిపి, ఆయనకు కనపడకుండా నింపి ఇచ్చేవాడు. ఉత్త తూటా పడ్డప్పుడు చప్పుడు ఉండదు, తన్ను ఉండదు, మనిషి బెదురు ఒక్కటే బయటపడుతుంది. పెద్ద రైఫిల్ గొట్టం కిందికి ఊగింది, రెప్పలు పడ్డాయి. తర్వాత సన్నటి టూ టూ రైఫిల్ ఇచ్చాడు. అది తన్నదు. పెద్దబాపు కళ్లు విప్పారి ఉన్నాయి. "గిదే తీస్కో, పాణం తెరిపి పడ్తది" అని పెద్దవ్వ సంబరపడ్డది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు తెరిపే. పందికే కష్టం. గీ తూటా దానికి ముల్లు గుచ్చినట్టైతది. కుంటుకుంట పోయి గుట్టల పడి ఎన్ని దినాలకో చస్తది. నా భుజం నొయ్యొద్దని దాన్ని అరిగోస పెడ్తనా?"

చివరికి త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ తీశారు. పందికి చాలినంత బలం, పాత దానికంటే తక్కువ తన్ను. ఆ రకంలోనే తేలికది ఒకటి ఉంటే, ముసలాయన మోసుకు తిరగడానికి బాగుంటుందని దుకాణమతను దాన్ని ముందుకు జరిపాడు. పెద్దబాపు రెండూ ఎత్తి చూసి బరువైనదే పట్టుకున్నాడు. "అల్కటిది మొయ్యనీకె సుఖం, కాల్సెటప్పుడు తంతది. బరువుది తన్నుడంత తానే మింగుతది. మోసుడంటవా, నడుమ నడుమ కూసుంట" అన్నాడు. మడమ ఆయన చేతికి పొడుగైందని కొంత కోసి, మందపాటి రబ్బరు దిండు బిగించారు. ముందు గొట్టం ఆనడానికి రెండు వెదురు కట్టెలను కత్తెరలాగా కట్టడం నేను చూసుకుంటానన్నాను. మళ్లీ ఉత్త తూటా పెట్టి ఇచ్చారు. గొట్టం కదలలేదు.

"మూసినానా బిడ్డా?"

"మూయలే పెద్దబాపు."

అంత వయసున్న పెద్దబాపు ఆ మాటకు పరీక్ష పాసైన పిల్లవాడిలా పెద్దవ్వ వైపు చూశాడు.

కాగితాలన్నీ అయ్యి తుపాకి ఊరికి వచ్చిన రోజు ఎల్లయ్య ఊరుకుంటాడా? "ఏంది పెద్దబాపు, తుపాకికి పరుపు కుట్టిచ్చినవట?"

"అవ్‌ర. దుప్పటి నువ్వు తెస్తవని సూస్తున్న."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. తండ్రి ఇచ్చిన తుపాకి వదిలి చిన్నది పట్టుకున్నందుకు ఆయన మొహంలో చిన్నతనం నాకెక్కడా కనపడలేదు. తన ఒంటికి ఏది సరిపోతుందో అది తీసుకున్నాడు, ఎవరడిగినా ఎందుకో చెప్పాడు. బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని అందరి ముందు అ ఆలు దిద్దినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది ఆ నవ్వే.

ఆ రైఫిల్‌తో ఆయన మా చేన్లను చాలా పంటలు కాచాడు. పేలిన ప్రతిసారీ పంది ఎక్కడ పడ్డదో చూడకముందు నన్నే అడిగేవాడు, "మూసినానా?" అని. మూయలేదంటేనే మంచె దిగేవాడు. నేనన్న మాటకు అంత విలువ ఇచ్చిన మనిషి అంతకుముందు నాకు తగల్లేదు. కూలి అడగడానికి కూడా గొంతు పెగలని నేను, సంఘంలో లేచి నిలబడి చూసింది చూసినట్టు చెప్పగలుగుతున్నానంటే ఆ మంచె మీద అలవాటైన మాటే. ఆయన చేతి తూటా ఏ మనిషికీ తగలలేదు. ఆఖరి షికారు తర్వాత తుపాకి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాక కూడా గట్ల మీద తిరిగి పేర్లు పిలవడం మానలేదు. పెద్దవ్వ పక్కనుండగా తన మంచం మీదే కన్నుమూశాడు.

ఇక నేను చెప్పాల్సింది ఆ ఆఖరి షికారు సంగతి. ఆ సాయంత్రం ఒక్క దెబ్బకే పంది పడిపోయింది. ఎల్లయ్య ఈల వేశాడు. జనం మంచె చుట్టూ మూగి పెద్దబాపును చేతుల మీద దించారు. ఈ వయసులో ఇంత గురి ఎవరికుందని ఒకటే పొగడ్త. ఆయన నవ్వుతూ అందరికీ జవాబిస్తున్నాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

నేను చూశాను. పేలకముందే రెప్పలు గట్టిగా పడ్డాయి, మొహం పక్కకు తిరిగింది. గురి పెట్టింది ముందరి కాలి వెనక, తూటా తగిలింది మెడకు. పంది అవతల, నాలుగు అడుగుల దూరంలో, మనుషులు మోటరు కాడికి పోయే బాట ఉంది. ఆయన ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అంతమంది సంతోషంలో నేనూ నోరు విప్పలేదు. ఇంటికి పోతూ ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు, మళ్లీ నడిచాడు.

మరునాడు పొద్దున పనికి పోకుండా నేరుగా వాళ్లింటికి పోయాను. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు. నేను ఆయన ముందు నేల మీద కూర్చుని, "నిన్న పంది పడ్డది నీ గురికి కాదు పెద్దబాపు" అని చెప్పాను.