మడ అడవిలో నా బూట్లు

మొన్న ఆటోనగర్‌లో పని ముగించుకుని బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక పంట కాలువలో పూడిక తీస్తున్నారు. కిటికీలోంచి నల్లబురద వాసన గుప్పున కొట్టింది. పక్కన కూర్చున్న పెద్దాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం నాకు తెలియకుండానే కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాను.

మడ అడవికి వెళ్లిన రోజు మా పడవలో ఉన్నవి ఇవి: మనుషులు నలుగురు, మంచినీళ్ల సీసాలు ఆరు, పులిహోర డబ్బా ఒకటి, దూది, కట్టుగుడ్డ, పది మీటర్ల నైలాను తాడు, సముద్రపు ఆటుపోట్ల వేళలు అచ్చు తీసిన కాగితం, ఒక పీతల బుట్ట, అందులో చిన్న కత్తి. చివరి రెండూ తప్ప తక్కినవన్నీ నేను నాలుగు రోజులు కూర్చుని తయారుచేసిన జాబితాలోవే. నలుగురిలో ఒకరు మా మేనమామ. కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇంకొకరు ఆయన కూతురు, నా మరదలు. నా జాబితాలను ఎగతాళి చేయడం తన జన్మహక్కు అనుకునే మనిషి. నాలుగో మనిషి మాకు దారి చూపడానికి వచ్చిన యానాది పెద్దావిడ. పడవ, బుట్ట, కత్తి ఆవిడవే. కృష్ణానది సముద్రంలో కలిసేచోట, మడ అడవి అంచున ఉన్న గూడెం ఆవిడది. మేం అక్కడ టీ తాగి బయల్దేరుతుంటే మరదలు నా కాగితాలు ఆవిడకు చూపించి, "మా బావ దోమలక్కూడా టైం టేబులు రాశాడమ్మా" అంది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మేం వెళ్లింది ఒక ఇటుకల దిమ్మను చూడటానికి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రువుల ఓడలు ఇటు వస్తాయేమోనని అడవి చివర ఆ దిమ్మ కట్టి, సిపాయిలను కాపలా పెట్టారట. మావయ్యకు ఆ సంగతి వాళ్ల నాన్న చెప్పారు. "ఐరోపాలో ఎక్కడెక్కడ కొట్టుకున్నారో ముప్పై ఏళ్లు పాఠం చెప్పానురా. మన గుమ్మం దాకా వచ్చినదాన్ని మాత్రం చూడలేదు" అనేవారు. ఆ నడక కోసం ఆయనకు నా రెండో జత బూట్లు ఇచ్చాను. చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు. గూడెంలో ఆవిడ చూస్తుండగానే వాటిని ఆయనకు తొడిగి, తాళ్లకు రెండేసి ముడులు నేనే వేశాను.

పడవ దిగి గంట నడిచాక ఒక చిన్న పాయ అడ్డం వచ్చింది. వెడల్పు పన్నెండడుగులు ఉంటుందేమో. మడచెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకుని ఉన్నాయి. పోటు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉందని నా కాగితం చెబుతోంది. నీళ్ల మీద ఎండుటాకులు మాత్రం అప్పటికే సముద్రం వైపు నుంచి ఎదురు వస్తున్నాయి.

"ఈ పాయ దాటేదాకా బూట్లు ఇప్పేసి చేత్తో పట్టుకోండి బాబూ" అంది పెద్దావిడ.

"ఆల్చిప్పలు కోసుకుంటాయమ్మా" అన్నాను.

"కోసుకుంటే నెత్తురొచ్చుద్ది. ఇరుక్కుంటే ఏమొచ్చుద్దో మీరే చెప్పండి."

మరదలు చెప్పులు చేత్తో పట్టుకుని ఆవిడ వెనకే దాటేసింది. నేను బూట్లతోనే చెట్ల వేళ్లు పట్టుకుని ఎలాగో అవతలి గట్టెక్కాను. నన్ను చూసి బూట్లతోనే దిగిన మావయ్య మధ్యలో ఆగారు. ఆగకూడదు. కుడికాలు దిగింది. దాన్ని లాగబోతే ఎడమకాలు దిగింది. బురద మోకాళ్ల దాకా, నీళ్లు నడుము దాకా ఉన్నాయి. మొదట అందరం నవ్వాం, ఆయనతో సహా.

తాడు విసిరి ఆయన చంకల కింద బిగించి, నేనూ మరదలూ లాగాం. కదల్లేదు. పెద్దావిడ బుట్టలోంచి కత్తి తీసి నీళ్లలోకి దిగి ఆయన పక్కన నిలబడింది. "బూట్లు కోసెయ్యమంటారా?" అని అడిగింది, ఆయన్ని కాదు, నన్ను.

"వద్దమ్మా, ఆగండి, వచ్చేస్తాయి" అన్నాను.

బురదలో ఇరుక్కున్న వస్తువు కింద గాలి చొరబడదని, లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుందని నేను చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. అయినా లాగాను. తాడును ఒక చెట్టుకు చుట్టి లాగాను. దిశ మార్చి లాగాను. మరదలు గడియారం చూసి పైకి చెప్పడం మొదలుపెట్టింది. "బావా, పది నిమిషాలు." నీళ్లు ఆయన చొక్కా మూడో గుండీ దాటాయి. అందులో సగం నీళ్లు పెరగడం, సగం ఆయన దిగడం. "బావా, పదిహేను." మావయ్య వేళాకోళాలు మానేశారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నారని అర్థమైంది. పెద్దావిడ కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంది, నీళ్ల వంక కాదు, నా నోటి వంక చూస్తూ.

నీళ్లు భుజాలు తాకాయి. "కొయ్యమ్మా తల్లీ!" అని అరిచారు మావయ్య.

ఆవిడ కదల్లేదు. "బూట్లు ఈ బాబుయి కదండీ. ఆయన చెప్పాలి."

"కొయ్యండి!" అన్నాను.

"ఇంకోసారి చెప్పండి. అమ్మాయిగారు ఇనాల."

"విన్నానమ్మా, విన్నాను! కొయ్యి!" అంది మరదలు, తాడు వదలకుండానే.

ఆవిడ మునిగింది. ఊపిరి కోసం మూడుసార్లు పైకి వచ్చింది. నాలుగోసారి మావయ్యను వెల్లకిలా నీళ్ల మీద పడుకోమని, భుజం కింద చెయ్యి వేసి తేల్చుకుంటూ గట్టుకు తెచ్చింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆయన పాదాలు తెల్లగా, కొత్తగా కనిపించాయి. బూట్లు రెండూ అడుగునే ఉండిపోయాయి.

గట్టు మీద చీర పిండుకుంటూ ఆవిడే చెప్పింది, ఎవరినీ తప్పుపట్టకుండా, పీతల ధర చెబుతున్నట్టు. "మా తాత అడగలేదు బాబూ. ఆ దిమ్మ కాడ సిపాయి ఒకాయన ఇట్టాగే దిగబడితే బూట్లు కోసి లాగేశాడు. సిపాయి బతికాడు. సర్కారు బూట్లు పాడుజేశాడని, దొంగతనానికే కోశాడని మా తాతని తీసుకుపోయారు. ఆరు నెలలు లోపలున్నాడు."

"ఆ సిపాయి నిజం చెప్పలేదా?" అంది మరదలు.

"ఆయన్ని ఏరే సోటికి పంపేశారంట. అడిగినోళ్లెవరు? మమ్మల్ని చూస్తేనే దొంగలనే రోజులు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే మాట. బాబుల ఒంటి మీద వస్తువు, వాళ్లు నోటితో చెప్పకుండా ముట్టుకోకూడదు. ఆ చెప్పింది ఇంకోళ్లు ఇనాల."

మావయ్య అడిగారు. "మావాడు ఇంకా చెప్పకపోతేనో అమ్మా?"

"నీళ్లు గెడ్డం కాడికొస్తే కోసేద్దామనుకున్నానండి. కేసయితే అవనీ అని. అందాకా ఈ బాబు మాట కోసం చూస్తా ఉన్నా."

దిమ్మ దగ్గరికి వెళ్లాం. మావయ్య వట్టి కాళ్లతోనే నడిచారు. నడుమెత్తు ఇటుకలు, తుప్పు పట్టిన ఇనుపకడ్డీ ఒకటి. ఆయన ఫొటో తీయలేదు. "మీ తాతగారి పేరేమిటమ్మా?" అని అడిగి, నా కాగితం వెనక రాసుకున్నారు.

మొన్న ఆ బస్సు బందరు చేరేదాకా కాళ్లు కిందికి దించలేకపోయాను. ఆ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటింది. ఆవిడ కత్తి తీసి అడిగినప్పటి నుంచి నేను కొయ్యమని చెప్పేదాకా పట్టింది ఇరవై మూడు నిమిషాలు.