పాటకు హాజరు

రిటైరై మూడేళ్లైనా నాకు హాజరు తీసుకునే జబ్బు పోలేదు. ఆర్మూర్‌లో మా పాటల బృందం మొదలైన తొలి ఆదివారమే సంచిలోంచి రిజిస్టరు తీసి, స్కేలుతో గీతలు గీసి, వచ్చినవాళ్ల పేర్లు రాసి సంతకాలు పెట్టించాను. ముప్పై నాలుగేళ్లు సర్కారు బడిలో టీచరుగా చేసినదాన్ని. పేర్లు రాసుకోకుండా పదిమందిని కూర్చోబెట్టడం నాకు చేతకాదు.

మా ఊళ్లో భజనలు గుడివాళ్లవి, చర్చి పాటలు చర్చివాళ్లవి, నాట్ల పాటలు పొలం దాటి రావు. అందరూ కలిసి నోరు విప్పే చోటు ఒక్కటైనా ఉండాలని నా పిచ్చి. కమ్యూనిటీ హాలు తాళం కోసం చెప్పులరిగేలా తిరిగితే చివరికి పద్దెనిమిది మంది జమయ్యారు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ ఒకాయన, చర్చిలో పాడే నర్సు, బుర్ఖాలు కుట్టే టైలరమ్మ, జక్రాన్‌పల్లి నుంచి బస్సులో వచ్చే ఇద్దరు రైతు ఆడవాళ్లు. మిగతావాళ్లంతా బీడీలు చుట్టే ఆడవాళ్లే.

వాళ్లను ఒక్క గొంతు చేసేసరికి నా గొంతు పోయింది. దేవుడి పేరు పెడితే ఒకరికి కోపం, తీసేస్తే ఇంకొకరికి కోపం. ఆఖరికి వాన మీద, పసుపు తవ్వకం మీద పాడుకోవడానికి రాజీ పడ్డాం. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక, ‘నాకెందుకీ పీడ, మానేద్దాం’ అని ప్రతి శనివారం అనుకునేదాన్ని. మళ్లీ ఆదివారం పోయేదాన్ని, ఒకామె గొంతు కోసం.

ఆమె యాభై దాటిన బీడీ కార్మికురాలు. భర్త లేడు, కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. మాట్లాడితే పక్కవాళ్లకు వినపడదు గానీ పాడితే హాలు నిండిపోతుంది. చేతులు ఊరికే పెట్టుకుని పాడటం ఆమెకు రాదు. ఒళ్లో చాట లేకపోయినా వేళ్లు బీడీ చుడుతూనే ఉండేవి. ఒక్క వారం తప్పలేదు, ఒకసారి జ్వరంతో కూడా వచ్చింది. “చూడుండ్రి, పాట మీద పాణమంటే గట్లుండాలె” అని మిగతావాళ్లను దెప్పేదాన్ని.

ఒకరోజు పాట అయ్యాక హమాలీ తువ్వాలతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

“టీచరమ్మా, గీ హాజరు ఎన్ని వారాలు పడితే పేరు ఎక్కుతది?”

“ఏం పేరు? యాడికెక్కుతది?”

“గదే, పింఛన్ల. మాకు సుత కొత్తగ ఇస్తరంట గద. హాజరు తక్కువైతే బీడీలోళ్లకు ఉన్నది సుత కట్ అయితదంటున్నరు.”

నర్సు వైపు చూస్తే తల దించుకుంది. “నేను గుడ విన్న మేడం. చెప్తే మీ మనసు నొస్తదని ఊకున్న” అంది.

వాళ్లను అని ఏం లాభం? పొదుపు సంఘం మీటింగుకు పోకపోతే జరిమానా, ఉపాధి పనిలో హాజరు పడకపోతే కూలి లేదు. సర్కారు హాలు, సర్కారు టీచరు, సంతకాల పుస్తకం. అవన్నీ చూసినవాళ్లు ఇది ఉత్త పాట కోసమని ఎలా అనుకుంటారు! జ్వరంతో వచ్చిన ఆ మనిషి గుర్తొచ్చి, ఆ వారమంతా నాకు సిగ్గుతో తిండి సహించలేదు.

తర్వాతి ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. “గిది ఏ స్కీం కాదు. రాకుంటే ఏదీ కట్ కాదు, వస్తే ఏదీ రాదు.” అని రిజిస్టరు అందరి ముందే చింపాను. జ్వరంతో వచ్చిన ఆ మనిషిని ఆటోలో దించడానికి వచ్చిన ఆమె కొడుకు కూడా గుమ్మంలో నిలబడి విన్నాడు. నిజం చెప్పొద్దూ, చింపుతున్నప్పుడు నా మీద నాకు కాస్త గర్వంగానే ఉండింది.

మరుసటి వారం ఏడుగురే వచ్చారు. “నేనైతే వస్త. ఈడ కూసుంటే నడుం నొప్పి యాదికి రాదు” అన్నాడు హమాలీ. “పోనీ తియ్యుండ్రి మేడం, ఉన్నోళ్లం పాడుదం” అంది టైలరమ్మ. పాడాం. ఒక్క వారం తప్పని ఆమె మాత్రం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఈమె కూడా పింఛన్ కోసమే వచ్చిందా అని మనసు విరిగి, ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి పోయాను.

అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను నిష్ఠూరంగానే అన్నాను.

“పింఛన్‌ది కాదని తెల్వంగనే మానేస్తివా?”

ఆమె ఇంటిలోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“నాకు మొదటి దినమే ఎర్క టీచరమ్మా. గిన్నేండ్ల సంది పింఛన్ తీసుకుంటున్న, గా మాత్రం తెల్వదా?”

“మరి?”

“పింఛన్ అంటే మావోడు ఆటోల తెచ్చి దించుతుండె. జరమొచ్చినా పొమ్మన్నడు. పాటకు పోత అంటే ఎవలు పంపుతరు? గీ వయసుల పాటలేందని ఇప్పుడు ఒకటే లొల్లి.” ఆమె చేతులు ఆగలేదు. “నువ్వు మంచిగనే చెప్పినవ్. మావోడు ఇన్నడు.”

ఓరి దేవుడా, నేనేం చేశాను!

“ఎవలొచ్చిండ్రత్తా?” లోపలి నుంచి కోడలు కేకేసింది.

“టీచరమ్మ” అంది ఆమె, ఎప్పుడూ లేనంత గట్టిగా. “పింఛన్ల హాజరు మల్ల షురూ అయితదంట. ఆదివారం తప్పకుంట రావాల్నంట. గంతేగా టీచరమ్మా?”

కోడలు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నా మొహంలోకి చూసింది. అత్త కూడా నా వైపే చూసింది. ఒక్క ‘అవును’ చాలు. అబద్ధమాడొద్దని ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన నోరు నాది, పెగల్లేదు.

“కూసోండ్రి మేడం, చాయ్ పెడుత” అని కోడలు లోపలికి పోయింది. ఆమె తల దించుకుని ఇంకో ఆకు తీసుకుంది.