రెండు చుట్లు చేత్తో తిప్పి

ఈ ఉదయం పార్సిల్ విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. టైమింగ్ బెల్టు. ఇంజను పైభాగాన్నీ కింది భాగాన్నీ కలిపి ఒకే లెక్కలో తిప్పే పళ్ళ పట్టీ. వేలితో నిమిరితే దాని మీది సన్నటి తెల్లపొడి అంటుకుంది. ఆ వాసనకు నాకు ప్రతిసారీ మునిరత్నం మేస్త్రీ గుర్తుకొస్తారు. తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. అంతకుముందు ముప్పై ఏళ్ళు కొండెక్కే బస్సులకు మరమ్మతులు చేశారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. బండి రాగానే బానెట్ ఎత్తేవారు కాదు. ముందు నడిపేవాళ్ళను కూర్చోబెట్టి, ఎక్కడికి పోతారు, ఎట్లా పోతారు, ఏం శబ్దం విన్నారు అని అడిగేవారు.

నేను ఆయన దగ్గరికి పోయింది మెకానిక్‌గా కాదు. డిప్లొమా అయ్యాక చిత్తూరులో ఒక పెద్ద వర్క్‌షాపులో చేరాను. అక్కడ ఒక సాయంత్రం కస్టమర్ వచ్చి నిలబడి ఉన్నాడని తొందరపడి, బెల్టు వేసి, సరిచూసుకోకుండానే తాళం తిప్పాను. బెల్టు ఒక పన్ను పక్కకు కూర్చుంది. పిస్టన్లు వాల్వులకు తగిలి వాటిని వంచేశాయి. ఒక్క క్షణం వినిపించిన ఆ చప్పుడు ఏడాదిపాటు నా చెవుల్లోనే ఉంది. ఉద్యోగం పోయిన బాధకంటే, పానా పట్టుకుంటే చెయ్యి వణకడం ఎక్కువ బాధ. అందుకే మేస్త్రీ దగ్గర రాతపని మాత్రమే అడిగాను. జరిగింది దాచలేదు. అంతా విని ఆయన, "కుర్చీ ఆడుండాది పాపా, కూర్చో" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఏడాదిన్నర తర్వాత డాక్టర్ వసుంధర గారి కారు వచ్చింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. ఆవిడ కాపురం చిత్తూరులో, కళ్ళ ఆస్పత్రి తిరుపతిలో. వారానికి నాలుగు రోజులు ఆ కారులోనే వచ్చి పోయేవారు. మీటరు రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. పెద్ద సర్వీసు గడువు దగ్గరపడింది.

"అందరూ అమ్మేయమంటున్నారు మేస్త్రీ. లేదంటే ఇంజనే మార్చాలంటున్నారు. నాకేమో దీన్ని వదలబుద్ధి కావడం లేదు. రెండు నెలల తర్వాత పది రోజులు ఊళ్ళో ఉండను. ఆ పది రోజుల్లో అవుతుందా?" అని అడిగారావిడ.

మేస్త్రీ నావైపు తిరిగారు. "పాపా, ఈ పని నీది."

"ఏమేం కావాలో రాసిస్తాను మేస్త్రీ. బిగించేది మీరే."

"ముందు రాయి" అన్నారు.

మొదట ఇంజను సత్తువ చూడమన్నారు. నాలుగు సిలిండర్లకూ గేజి పెట్టి ఒత్తిడి కొలిచాను. నాలుగూ దాదాపు సమానంగా, ఉండాల్సినంత వచ్చాయి. ఇంజను మార్చాల్సిన పనే లేదని ఆ రోజే తేలిపోయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం నా నోటుబుక్కు ఆయన ముందు పెట్టేదాన్ని. ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత, ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ సామాను ఎక్కడినుంచి రావాలి, అన్నీ రాశాను. నీళ్ళ పంపు కొత్తది తెప్పించమని ఆయన అంటే, ఉన్నది బాగానే ఉంది కదా అన్నాను.

"బాగానే ఉండాది. కానీ మళ్ళా దాని కాడికి సెయ్యి పోవాలంటే ఇదంతా ఇప్పాల. ఆయమ్మ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరగతాది. ఈ పంపు తిరగతాదా?"

పంపు రాసుకున్నాను. ఇంకోసారి, "కాయితం మీద అంతా ఇప్పి, అంతా బిగించినాకనే పానా ముట్టుకోవాల" అన్నారు. చివరి సామాను, బెల్టును బిగువుగా పట్టే కప్పీ, రావడం ఆలస్యమైంది. కారు అప్పటికే షెడ్డులో ఉంది. పది రోజుల్లో రెండు పోయాయి. మిగతావి విప్పుతూ ఉందామని ప్రాధేయపడ్డాను. ఆయన వినలేదు. మూడో రోజు ఆ కప్పీ బల్ల మీదికి చేరాకే బానెట్ ఎత్తనిచ్చారు.

ఎనిమిదో రోజు బెల్టు వేయాలి. కింద ఒకటి, పైన రెండు, మొత్తం మూడు పళ్ళచక్రాల మీది మార్కులు ఇంజను మీది గీతలతో కలవాలి. మేస్త్రీ దాన్ని నా చేతిలో పెట్టి బయటికి నడిచారు. నేను వెనకే రెండడుగులు వేశాను.

"మేస్త్రీ, మీరు పక్కనుంటే..."

"నేనుంటే నువ్వు నా మొగం సూస్తావు. మార్కు సూడవు" అని, పోయి వేపచెట్టు కింద స్టూలేసుకుని అటు తిరిగి కూర్చున్నారు.

వణికే చేత్తోనే బెల్టు వేశాను. నోటుబుక్కులో రాసుకున్నట్టే, తాళం జోలికి పోకుండా, ఇంజనును పానాతో మెల్లగా రెండు చుట్లు తిప్పాను. మార్కులు చూశాను. కింది మార్కు సరిగ్గా ఉంది. పైన ఒకటి సరిపోయింది. రెండోది ఒక పన్ను పక్కకు ఉంది. మళ్ళీ అదే తప్పు. బయటికి పోయి నిలబడ్డాను.

"మేస్త్రీ, ఒక పన్ను తప్పింది."

ఆయన తల తిప్పలేదు. "ఎవురు కనుక్కున్నారు?"

"నేనే."

"మరి ఏడస్తావెందుకు? పోయి సరిచెయ్."

లోపలికి వచ్చాను. బెల్టు తీసి మళ్ళీ వేశాను. రెండు చుట్లు తిప్పాను. మూడు మార్కులూ కలిశాయి. నమ్మకం చాలక ఇంకో రెండు చుట్లు తిప్పాను. కలిసే ఉన్నాయి. అప్పుడు గమనించాను, చెయ్యి వణకడం లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు.

మర్నాడు మిగతావన్నీ బిగించి తాళం తిప్పాను. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. షెడ్డులో వాళ్ళందరూ చేతిలో పని వదిలి వచ్చారు. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని విన్నాను. ఎక్కడా తేడా లేదు.

పదో రోజు వసుంధర గారు వచ్చి, కొండెక్కించి చూద్దాం, ఒకరు రండి అన్నారు. మేస్త్రీ నన్ను చూపించారు. అలిపిరి తనిఖీ దాటాక ఆవిడ వేగం అందుకున్నారు. ఒక్కో మలుపులో గేరు మారుస్తుంటే ఇంజను బరువెరగనట్టు పైకి లాగింది. నేను దారి చూడలేదు, వేడిమి ముల్లు చూస్తూ కూర్చున్నాను. పైకి చేరాక ఆవిడ కారాపి, "నా కారు వయసు తగ్గించావమ్మా" అన్నారు. కింద తిరుపతి మొత్తం ఎండలో మెరుస్తోంది. నాకు అరవాలనిపించింది. అరవలేదు, నవ్వుతూనే ఉన్నాను.

తిరిగొచ్చాక మేస్త్రీ ఒకటే అడిగారు. "ముల్లు యాడ నిలిచె?"

"సగం దగ్గరే. కదల్లేదు."

ఆయన తలూపి టీ తెప్పించారు. వారం తర్వాత పీలేరు నుంచి ఒకాయన కారు తెచ్చి మేస్త్రీ ఎవరని అడిగాడు. మునిరత్నం గారు పేపరు చదువుతూ చెయ్యి నావైపు చూపారు. "మేస్త్రీ ఆయమ్మ. నేను ఊరికే కూర్చోని ఉండా."

ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నాకు చిత్తూరులో సొంత షెడ్డు ఉంది, నాతో ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా తలవంచుకుని వచ్చి, అక్కా తప్పు చేశానంటే, నాకు మొదట కోపమే వస్తుంది. దాన్ని మింగి, ఎవరు కనుక్కున్నారని అడుగుతాను. నేనే అని చెప్పినవాళ్ళకు ఆ రోజు నుంచి కష్టమైన పనులు ఇస్తాను.