లండన్ పళ్లెం, లీడ్స్ పళ్లెం

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో, రుమైథియాలోని ఒక కువైటీ ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. నాన్న ఆ ఇంటి డ్రైవరు, అమ్మ వంటమనిషి. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, బియ్యం కూడా కఫీలే, అంటే మా వీసా పెట్టిన ఆ ఇంటి యజమానే, ఇచ్చేవాడు. ఇళ్లల్లో పనిచేసే మనవాళ్లందరిదీ అదే బతుకు. జీతమెంత అంటే చెప్పే అంకె మొత్తం ఇంటికి పంపే డబ్బే. ఇక ఖర్చుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పక్కింట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకునే అక్క ఒకామె ఉండేది. కడపలో నర్సు చదువు చదివింది. రెండేళ్ల కొడుకును వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చింది. వాడు ఫోనులో తనను "ఆంటీ" అన్నాడని ఒకరోజు మా అమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. అలాంటి మనిషికి ఇంగ్లండులో రెండు ఉద్యోగాలు కుదిరాయి, ఒకటి లండన్‌లో, ఒకటి లీడ్స్‌లో. లండన్ జీతం ఎక్కువ. అబ్బో, ఆ జీతాన్ని రూపాయల్లోకి మార్చుకుని, ఇక పిల్లోణ్ణి తెచ్చేసుకుంటానని కనబడిన వాళ్లందరికీ చెప్పి మురిసిపోయింది.

ఆ శుక్రవారం అమ్మ ఆమెను భోజనానికి పిలిచింది. పెద్ద పళ్లెం నిండా అన్నం పెట్టి ఇది లండన్ జీతం అంది, చిన్న పళ్లెంలో పెట్టి ఇది లీడ్స్ జీతం అంది. ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలు చెప్పిన ఖర్చులన్నీ అక్క చేతనే చెప్పించింది. లండన్ అద్దెకు దోసెడు అన్నం తీసేసింది, లీడ్స్ అద్దెకు గుప్పెడు. రైలుకింత, చలికాలం హీటరుకింత, తిండికింత. అన్నం చల్లారిపోతోందని నా ఏడుపు నాది. చివరికి పెద్ద పళ్లెంలో కాస్త మిగిలింది, చిన్నదాంట్లో దానికంటే నయం.

"సూడు మ్మే, లీడ్సే మేలు. ఈడ మాదిరి ఆడ ఊరికే గది యెవురిస్తారు?" అంది అమ్మ.

అక్క చిన్న పళ్లెం వైపే చూస్తూ కూర్చుంది.

"ఇదంతా నా ఒక్కదానికే గదా వదినా తీసింది. పిల్లోడొస్తే వాని తిండి, నేను డ్యూటీకి పోతే వాణ్ణి సూసుకునే మనిషి... దేంట్లోంచి తీయాల?"

అమ్మ రెండు పళ్లేల అన్నాన్నీ మళ్లీ గిన్నెలో కలిపేసింది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. అక్క లీడ్స్‌కు ఒక్కతే వెళ్లింది. పిల్లవాడు అమ్మమ్మ దగ్గరే పెరిగి పెద్దవాడైపోయాడు.

నేనిప్పటికీ కువైట్‌లోనే ఉన్నాను, తల నెరిసింది. మొన్న మా అమ్మాయి ఫోను చేసి, ఇంగ్లండులో రెండు ఊళ్ల జీతాలు చెప్పి ఏది మేలమ్మా అంది. ఖర్చులు పోను మిగిలేదెంత అని నేను అడగలేదు. అక్కడ నీ దగ్గర ఎవరుంటారే, అన్నాను.