మామా అంటే ఎవరు

కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు మొదటిరోజే ఒక వ్యాకరణ సమస్య ఎదురవుతుంది. ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలవాలి. మన భాషలో మామకు మీసం ఉంటుంది, భుజాన కండువా ఉంటుంది, పండక్కి పిలవలేదన్న అలక ఉంటుంది. అక్కడి మామాకు అలక తప్ప మిగిలినవేవీ ఉండవు. రాయచోటి తిరుపాలమ్మ మొదటిసారి ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందట. వారం తిరిగేసరికి నవ్వు పోయింది. నోటికి అలవాటైన మాటకు అర్థంతో పని ఉండదు.

కువైట్‌లో రుమైథియా పేటలో ఆమె పనిచేసే ఇంట్లో మామా హోదా హెస్సాది. భర్త పోయిన మనిషి, మోకాళ్ల నొప్పి మనిషి. ఆమెను మామా అని పిలిచేవాళ్లు ఇద్దరు. ఒకరు వంటింటి సర్వాధికారిణి తిరుపాలమ్మ. రెండోవారు ఇంటి కూతురు నూరా. ఒకరి నోట ఆ మాటకు 'అమ్మగారూ' అని అర్థం, ఇంకొకరి నోట 'అమ్మా' అని. ఇరాక్ సైన్యం వచ్చేదాకా ఈ తేడా వల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు.

ఈ కథ నూరాది. తిరుపాలమ్మకు ముందు ఆ ఇంట్లో సూరాయమ్మ అనే ఆమె పనిచేసేది. ఆమెదీ రాయచోటి పక్కే. బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడు తాను ఒంటరిగా వెళ్లడం లేదన్న సంగతి ఆమెకే తెలియదు. కాన్పయ్యాక జ్వరం తగిలి పోయింది. ఊళ్లో మొగుడికి కబురు చేరిస్తే, "ఆడపిల్లా?" అని అడిగాడట. ఆ ప్రశ్న తర్వాత ఆయన ఈ లోకంలో ఎవరితోనూ ఆ విషయం మాట్లాడలేదు. పిల్లలు లేని హెస్సా, ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతారు గదా అని పసిదానికి పాలు పట్టింది, నూరా అని పేరు పెట్టింది, దిష్టి తగలకుండా ఏవో చదివి ఊదింది. అంతా అయ్యాక పంపడానికి ఆమెకు చేతులు రాలేదు.

పరాయి బిడ్డను పెంచుకోవచ్చు గాని వంశం పేరు ఇవ్వకూడదని అక్కడి పద్ధతి. అలా బిడ్డకు పూచీ పడ్డ మనిషిని కఫీల్ అంటారు. పనిమనిషి వీసాకు పూచీ పడ్డ యజమానినీ కఫీల్ అనే అంటారు. ఆ లెక్కన హెస్సా ఆ ఇంట్లో ఇద్దరికీ కఫీలే. ఒకరికి నెల జీతం, మరొకరికి ఐస్‌క్రీం.

నూరా మాట అరబ్బీ, తిండి అరబ్బీ, కోపం మరీ అరబ్బీ. ముఖం మాత్రం రాయచోటి. ఆ ముఖం గురించి బళ్లో తోటిపిల్లలు 'హిందియా', అంటే ఇండియాది, అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ రోజు నుంచి నూరా పౌడరుతో ఒక దీర్ఘకాలిక యుద్ధం ప్రారంభించింది. స్నేహితురాళ్లు వస్తే తిరుపాలమ్మ వంటింట్లోంచి బయటికి రాకూడదని ఆజ్ఞ. తమ ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే ఎవరైనా కనిపెట్టేస్తారని భయం. తిరుపాలమ్మకు కారణం తెలుసు. టీ ట్రే తలుపు బయట పెట్టి, ఒకసారి తట్టి, పిల్లిలా వెళ్లిపోయేది.

ఇంకో సంగతి నూరా ఎవరికీ చెప్పలేదు. తిరుపాలమ్మ చంకలో పెరిగిన పిల్ల కనుక ఆమెకు తెలుగు మొత్తం అర్థమయ్యేది. ఒక్క ముక్కా అర్థం కానట్టు ఆమె పద్దెనిమిదేళ్ల వయసుదాకా నటించింది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం ఊరు పట్టుకుంది. హెస్సా తమ్ముడు కువైట్ సైన్యంలో అధికారి, సరిహద్దు దాటి సౌదీ చేరాడు. అలాంటివాళ్ల ఇళ్లు వెతికి, ఇంట్లో పడుచుపిల్లల్ని పట్టుకుపోయి, అధికారి వచ్చి లొంగితేనే వదులుతారన్న కబురు వీధిలో తిరుగుతోంది. భారతీయుల జోలికి పెద్దగా రావడం లేదని, బస్సుల్లో బస్రా మీదుగా పోనిస్తున్నారని ఇంకో కబురు. రెండూ విన్న హెస్సా కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ ముఖాన్ని ఆమె అలా ఎప్పుడూ చూడలేదు.

"తిరుపా," అంది చివరికి, "దీన్ని నీలా చెయ్యి."

తిరుపాలమ్మ తన చీర ఒకటి నూరాకు కట్టి, నుదుట బొట్టుబిళ్ల అంటించి, శిక్షణ ప్రారంభించింది. హెస్సా బొట్టును చూసి తల తిప్పుకుంది.

"నూరమ్మా, అట్ల నడిస్తే ఎట్ల? ఇల్లు నీదైనట్టు నడుస్తాండావు."

"ఇల్లు నాదే కదా!" అంది నూరా అరబ్బీలో, చిరాగ్గా.

తిరుపాలమ్మ చేతిలో కుచ్చిళ్లు జారిపోయాయి. తాను అన్నది తెలుగులో. జవాబు వెంటనే వచ్చింది.

"అయితే నీకు తెలుగొస్తాదా?"

నూరా నేల చూసింది.

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నుంచో," అంది నూరా, అరబ్బీలోనే.

తిరుపాలమ్మ ఇన్నేళ్లుగా ఆ పిల్ల ముందు తెలుగులో చేసిన ప్రసంగాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకు తెచ్చుకుంది. మామా పిసినారితనం మీద, మామా మోకాళ్ల మీద, ఈ పిల్ల పొగరు మీద.

"సరే," అంది తిరుపాలమ్మ గొంతు సవరించుకుని. "గోడెంబడి నడువు. ఎవురన్నా మాట్లాడితే కాళ్లు సూడు. నోరు మాత్రం తెరవాకు. మా అరబ్బీ ఇరిగిపోయి ఉంటాది. నీ అరబ్బీ ఇంటే ఇల్లెవురిదో గేటు కాడికే తెలిసిపోతాది."

నూరా ఆ రోజంతా గోడ పక్కన నడవడం సాధన చేసింది. పుట్టుకతో రావలసిన విద్య. ఒంటికి పట్టలేదు.

రెండు రోజులకే సైనికులు వచ్చారు. వాళ్ల అధికారి కుర్రవాడు, అలసిపోయినవాడు, మర్యాదస్తుడు. అరిచేవాడైతే భయపడి ఊరుకోవచ్చు, మర్యాదస్తుడికి సమాధానాలు చెప్పాలి. హాలులో సోఫాలో కూర్చుని తమ్ముడెక్కడని హెస్సాను అడిగాడు. తెలియదంది.

"పిల్లలు?"

"నాకు పిల్లలు లేరు," అంది హెస్సా.

అక్షరాలా నిజం. నూరా వచ్చాక ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ నూరా తన కాళ్లు చూసుకుంది. పాఠంలో చెప్పినట్టే.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈవిడ నీకు ఏమవుతుంది?"

నూరా నోరు తెరిచింది. ముత్యాల్లాంటి అరబ్బీ ఒక్క వాక్యం దొర్లితే చాలు, కథ ముగిసిపోతుంది.

"మామా," అంది నూరా.

అంతే. మాటలు వచ్చినప్పటి నుంచి అంటున్న మాట. అధికారి తల ఊపాడు. వాళ్ల ఊళ్లో సంగతేమో గాని, కువైట్‌లో నల్లటి పిల్ల చీర కట్టుకుని మామా అంటే దానికి ఒక్కటే అర్థమని అతనూ ఈ పాటికి నేర్చుకున్నాడు.

"యల్లా, తొందరగా చాయ్ తీసుకురా," అంది హెస్సా కూతురితో, కూతురి వైపు చూడకుండా.

నూరా వంటింట్లోకి వెళ్లింది. తిరుపాలమ్మ గ్లాసుల్లో పోసి ఇచ్చిన టీని ట్రేలో తెచ్చింది. ఒలక్కుండా బల్ల మీద పెట్టింది. ఇంతవరకు ఏ పరీక్షకుడూ తప్పు పట్టలేడు. ఆ తర్వాత, పని పూర్తయింది కనుక, రోజూ చేసే పనే చేసింది. వెళ్లి సోఫాలో తల్లి పక్కన కూర్చుంది.

అధికారి చేతిలో గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగింది.

తిరుపాలమ్మ రెండంగల్లో వచ్చి నూరా చెంప పగలగొట్టింది.

"ల్యాయ్‌వే! మామా పక్కన కుచ్చుంటావా? సిగ్గుల్యా నీకు?"

నూరా లేచింది. అధికారి నవ్వాడు. "కొత్తదా?"

"కొత్త, బాబా," అంది తిరుపాలమ్మ తన విరిగిన అరబ్బీలో. "మా ఊరు. బుర్ర లేదు."

"ఇండియావాళ్లకు బస్సులున్నాయి. దీన్ని తీసుకుని పో. ఈ ముసలామెతో మాకు ఇంకా పనుంది, మళ్లీ వస్తాం." టీ పూర్తిగా తాగి, కృతజ్ఞతలు చెప్పి మరీ వెళ్లాడు.

తర్వాత ఆ హాలులో ముగ్గురు ఆడవాళ్లు మూడు వేర్వేరు దిక్కులు చూస్తూ నిలబడ్డారు. 'నాకు పిల్లలు లేరు' అన్నందుకు హెస్సాకు సిగ్గు. చేయి చేసుకున్నందుకు తిరుపాలమ్మకు సిగ్గు. నూరా చెంప మండుతోంది గాని ఆమె సిగ్గు అది కాదు. ఆ అధికారి తన మాటను తప్పుగా అర్థం చేసుకున్న క్షణంలో ఆమెకు హాయిగా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఈ ముఖం ఉన్నందుకు మొదటిసారి సంతోషించింది. ఆ సంతోషం తల్లిని కాదన్నందుకు వచ్చింది.

"తిరుపాతో బస్సెక్కు," అంది హెస్సా. "వాడు మళ్లీ వచ్చేటప్పటికి నువ్వు ఇక్కడ ఉండకూడదు."

నూరా ఏదో అనబోయింది. ముందు 'మామా' అని మొదలుపెట్టాలి గదా. ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

బస్సు రుమైథియా చివర ఒక బడి ముందు ఆగి ఉంది. జనాన్ని ఎక్కిస్తున్నవాడు ఖాజా హుస్సేన్, ఆ పక్క వీధిలో ఒక ఇంట్లో డ్రైవరు, తిరుపాలమ్మ ఊరివాడే.

"తిరుపాలమ్మక్కా! ఈ పాపెవురు? నీకిద్దరూ మొగపిల్లోల్లే గదా?"

"నా కూతురే."

"కువైట్‌లో కంటివా యేంది, మాకు సెప్పకుండా?"

లోపల కిటికీల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. తిరుపాలమ్మ ముఖం ఎర్రబడింది. ఆ వయసులో, అంతమంది ముందు, తన మీద పడ్డ మచ్చను ఆమె కిమ్మనకుండా మోసింది.

"ఏం పాపా, ఈమేనా మీయమ్మ?" అన్నాడు ఖాజా హుస్సేన్, ఊరికే, సరదాకి.

తల ఊపితే చాలు. నూరా తల సగం దాకా కదిలింది కూడా. పొద్దున ఒక్క మాటతో ఒక తల్లిని ఆ పదవి నుంచి తీసేసింది. ఇప్పుడు ఒక్క తల ఊపుతో ఆ పదవి ఇంకొకరికి ఇచ్చేయాలి.

"కాదు," అంది నూరా. "మాయమ్మ ఇంట్లో ఉండాది."

అది ఆమె జీవితంలో బయటికి అన్న మొదటి తెలుగు వాక్యం. తిరుపాలమ్మ చేతిలోని మూట కింద పెట్టేసింది.

"ఉండాదంట!" ఖాజా హుస్సేన్ పకపకా నవ్వాడు. "అచ్చం మా రాయచోటి మాటే! పో, పిల్చకరాపో మీయమ్మను. సీటు పట్టి పెడతా."

"రాదు."

"ఏం? కఫీలు ఇడిసిపెట్టలేదా?"

"ఆమే నా కఫీలు," అంది నూరా.

ఖాజా హుస్సేన్ నవ్వు ఆపాడు. ఆ పిల్ల ముఖం, తిరుపాలమ్మ ముఖం మార్చి మార్చి చూశాడు. ఏం అర్థమైందో గాని, "బస్సు ఇంగొంచేపుంటాది," అని అవతలికి పోయాడు.

తిరుపాలమ్మ నూరాను పక్కకు లాగి చెంగు సవరించింది. "నా కొడుకులు ఎదురుసూస్తా ఉంటారు, నేను పోవల్ల. కొట్టినందుకు మనసులో పెట్టుకోవాకు."

"టీ ట్రే..." అంది నూరా. తెలుగులో క్షమాపణ ఎలా చెప్పాలో వంటింట్లో ఎవరూ నేర్పలేదు. "తలుపు బయట పెట్టిస్తా ఉంటి గదా..."

"పెట్టిస్తివి. సక్కెర తక్కువైందని తిప్పి పంపిస్తివి గూడా," అంది తిరుపాలమ్మ. కళ్లు తుడుచుకుని, "గోడెంబడి పో," అంది.

నూరా గోడ వెంబడే పోయింది. కాళ్లు చూసుకుంటూ, తొందర లేకుండా, ఈ భూమ్మీద ఏ గజం స్థలమూ తనది కానట్టు. మూల మీద సైనికులు తల ఎత్తి కూడా చూడలేదు. విద్య ఒంటికి పట్టింది. పట్టినందుకు మళ్లీ సిగ్గేసింది.

తలుపు తడితే లోపలి నుంచి ఎవరని హెస్సా గొంతు. వీధిలో పేరు చెప్పకూడదు. మామా అనడానికి నోరు రావడం లేదు.

"అమ్మా," అంది నూరా.

తిరుపాలమ్మ రోజూ వంగి లేచేటప్పుడు నడుము పట్టుకుని అనే మాట అది. హెస్సాకు బాగా తెలుసు. "ఏం తిరుపా, ఏం మర్చిపోయావు?" అంటూ తలుపు తీసింది.

కూతుర్ని చూసి చెయ్యెత్తింది. ఆ చెంప ఆ పూటకు ఇప్పటికే వాడేశారని గుర్తొచ్చి కాబోలు, దించేసింది. లోపలికి లాగి గొళ్లెం పెట్టింది. నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లన్నీ అయ్యాక, "నాకు పిల్లలు లేరన్నాను," అంది మెల్లగా.

"నేను మామా అన్నాను."

"నీది అబద్ధం కాదు."

"వాడికి అబద్ధంలా వినపడాలనే అన్నాను," అంది నూరా.

హాలులో అధికారి తాగిన గ్లాసు అలాగే ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నూరా సోఫాలో తన చోట కూర్చుని, వెంటనే ఉలిక్కిపడి వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు.

హెస్సా దగ్గరికి వచ్చింది. దారిలో చెమటకు నూరా బొట్టుబిళ్ల కనుబొమ్మ మీదికి జారింది. తీసేస్తుందనుకుంది నూరా. హెస్సా దాన్ని వేలి కొనతో పైకి జరిపి, సరిగ్గా మధ్యలో, గట్టిగా నొక్కి అంటించింది.

చీర విప్పబోయి నూరా ఆగింది. విప్పితే మళ్లీ కట్టడం ఇద్దరికీ రాదు, కట్టడం తెలిసిన మనిషి బస్రా దారిలో ఉంది. పొద్దున్నే రొట్టె కోసం ఎవరో ఒకరు బయటికి వెళ్లాలి. ఆమె ఆ చీరతోనే పడుకుంది.