వెనక సీటు కొలత

డుంబ్రిగుడలో పదేళ్లుగా అద్దె జీపు తోలుతున్న ఫల్గుణ, సొంత కారు కొందామని తల్లి సోములమ్మతో విశాఖ బయల్దేరాడు. మెకానిక్‌నని నన్నూ లాక్కెళ్లాడు. పాత కార్ల షెడ్డులో రెండు మిగిలాయి. ఒకటి పులిలా గుర్రుమనే పెద్ద సెడాన్, రెండోది ఘాట్ మలుపుల్లో దూసుకుపోయే జర్మనీ చిన్న కారు.

"చిన్నదే కొను, ఇంజను చూడరా!" అని నేను గొంతు చించుకుంటున్నాను.

అంతలో సోములమ్మ ఆ చిన్న కారు వెనక సీట్లో వెల్లకిలా పడిపోయింది. కళ్లు మూసుకుంది. కాళ్లు తలుపు బయట వేలాడుతున్నాయి. షెడ్డు యజమాని నీళ్లకోసం పరిగెత్తాడు.

"అమ్మా! ఏటైందే?" ఫల్గుణ అరిచాడు.

"ఏటీ అవలేదు. పడుకుని సూత్తన్నాను. బండి లేక మీ అయ్యని డోలీ కట్టి ఆసుపత్రికి మోసినపుడు కూడా కాళ్లు ఇలాగే ఏలాడిపోనాయిరా."